గిన్నె అడుగున పసరు

పసరమ్మ లెక్క ప్రకారం నాలుక లేని మనిషంటూ ఉండడు గానీ, రుచి తెలిసిన మనిషి మాత్రం లోకంలో తనొక్కతే. ఈ అభిప్రాయాన్ని ఆవిడ ఎన్నడూ మనసులో దాచుకున్న పాపాన పోలేదు. సాయంత్రం తమ కాల్చిన మాంసం దుకాణం నిండాక గల్లాపెట్టె పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని, పసరు గిన్నె ముందు పెట్టుకుని, మాంసం నమిలే జనం దవడలు ఎలా ఆడుతున్నాయో చూస్తూ, పక్కన ఎవరుంటే వాళ్ళకి వినపడేలా అనేస్తుంది.

"ఆ కళ్ళజోడాయన్ని చూడు. ముక్క నోట్లో పెట్టకముందే ఉప్పు చల్లుకుంటున్నాడు. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన!"

కళ్ళజోడాయన విని నవ్వేవాడు. ఆవిడ చేత తిట్లు తినడం కూడా ఆ దుకాణంలో వడ్డనలో ఒక భాగమేనని జనం అనుకునేవాళ్ళు.

పసరంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. కొత్తిమీరలా కనపడే పార్స్లీ ఆకు, దానికి తోడు కాస్త పుదీనా, ఉప్పుతో కలిపి నూరిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, వెనిగర్, చివర్న నూనె. కాల్చిన మాంసం మీద ఒక గరిటెడు వేస్తారు. ఎవరైనా తెలియక దాన్ని సాస్ అన్నారంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "సాస్ అంటే సీసాలో ఉండేది, ఏడాదైనా చావనిది. ఇది పొద్దున పుట్టి రాత్రికి పోతుంది. పసరు." అలా అనీ అనీ చివరికి ఆ పేరు ఆవిడకే అంటుకుంది. సొంత పేరు ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయారు.

మాంసం కాల్చేది కొడుకు. వాడి పొయ్యి ముందువైపు, వీధిలోకి కనపడేలా అద్దం వెనక ఉంటుంది. బొగ్గు రాజుకుని పైన బూడిద పట్టేదాకా ఆగి, అప్పుడు ముక్క పెట్టాలి. అంత ఓపిక ఉంటే వాడు ఆవిడ కొడుకెందుకు అవుతాడు? మంట లేస్తేనే జనం చూస్తారని, ఒక కొవ్వు ముక్క నిప్పుల మీద విసిరి, భగ్గుమన్న మంట వెనకనుంచి పటకారు టకటకలాడిస్తూ నవ్వుతాడు. పక్కటెముకలు పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉంటాయి. సిగరెట్లు తాగీ తాగీ వాడి నాలుక చెప్పు అట్ట అయిపోయింది కాబట్టి ఆ తేడా వాడికి తెలియదు. "నా పసరే లేకపోతే వీడు కాల్చింది వీధికుక్క కూడా వాసన చూసి వదిలేస్తుంది" అని ఆవిడ వాడి ముఖం మీదే అనేది. వాడు దాన్ని ముద్దు మాటగా తీసుకునేవాడు.

ఇక కోడలు. పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచీ ఆ అమ్మాయి చోటు వెనక వసారాలో నీళ్ళ తొట్టి పక్కనే. మాంసం కాల్చే, మాడు పట్టిన ఇనప జాలీలు తీగ బ్రష్షుతో గీకడం, కంచాలు కడగడం, బొగ్గు బస్తాలు మోసుకురావడం. మోచేతుల దాకా మసి, గోళ్ళ కింద కొవ్వు. ముందు గదిలోకి రావడానికి వీల్లేదని ఎవరూ చెప్పలేదు గానీ, వస్తే ఏం చెయ్యాలో కూడా ఎవరూ చెప్పలేదు.

పసరమ్మకి పడిశం పట్టి జ్వరంతో మంచం ఎక్కిన వారం దుకాణమే మూసేశారు. "నేను తరుగుతానత్తయ్యా" అని కోడలు ఒక్కసారి అడిగింది. "నువ్వు తరిగితే దాన్ని గడ్డికోత అంటారు. పశువులకి పెట్టాలి" అని ఆవిడ దుప్పటి ముసుగులోంచే జవాబిచ్చింది. ఆ అమ్మాయి మళ్ళీ అడగలేదు.

జ్వరం తగ్గింది. లేచిన పొద్దున్నే ఆవిడ సంచి పట్టుకుని ఆకుల బండి దగ్గరికి వెళ్ళి, బండివాణ్ణి నాలుగు మాటలు అని, కట్టలు తెచ్చుకుంది. ఆకు కడిగి పలచటి గుడ్డమీద ఆరబోసింది. ఆకుమీద తడి ఉంటే పసరు నీళ్ళోడుతుంది. ఆరిన ఆకుని గుప్పిట్లో గట్టిగా ఒత్తిపట్టి, కత్తి మొన చెక్కపలక మీదనుంచి లేవకుండా, పిడివైపు మాత్రం ఆడిస్తూ తరిగింది. ఒక్క కోత, అంతే. తరిగిందాన్నే మళ్ళీ మళ్ళీ తరిగితే ఆకు నలిగి నల్లబడుతుంది. చిన్న రోట్లో వెల్లుల్లి రెబ్బలు వేసి ఉప్పు చల్లి నూరుతూ, అలవాటు కొద్దీ ముఖం దగ్గరికి వంచింది.

ఏమీ లేదు.

పడిశం ఇంకా వదల్లేదనుకుని చీది మళ్ళీ వంచింది. ముక్కు శుభ్రంగానే ఉంది, గాలి హాయిగా వస్తోంది, పోతోంది. ఆ గాలిలోనే ఏమీ లేదు. పుదీనా రెండు వేళ్ళ మధ్య నలిపింది. లేదు. వెనిగర్ సీసా మూత తీసి పీల్చింది. ముక్కులో సూది పొడిచినట్టు చురుక్కుమంది, కళ్ళు నీళ్ళు తిరిగాయి గానీ వాసన మాత్రం రాలేదు. వేలితో పసరు తీసి నాలుక మీద రాసుకుంది. ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది, మిర్చి మండింది. మిగతాదంతా తడి గుడ్డ నమిలినట్టుంది.

ఆవిడకి భయం వేసింది. చచ్చిపోతానన్న భయం కాదు, అది జ్వరంలో కూడా వెయ్యలేదు. కొడుకు రెండేళ్ళుగా హోల్‌సేల్ కొట్టువాడి డబ్బా సాస్ గురించి మాట్లాడుతున్నాడు. "నీ తర్వాత ఎలాగూ అదేగా అమ్మా, అదేదో ఇప్పట్నుంచే..." అని ఆపేవాడు. ఆవిడ చూసిన చూపుకి ఆపేవాడు. ఈ సంగతి వాడి చెవిన పడితే సాయంత్రానికల్లా డబ్బాలు దిగుతాయి. ఆ స్టూలు పోతుంది, గిన్నె పోతుంది, ఎవరిని చూసైనా ముఖం చిట్లించే హక్కు పోతుంది. పైన గదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి వేళకింత పడేస్తారు.

చేతి లెక్క చేతికి తెలుసు కదా అనుకుంది. కంటి కొలతతోనే అన్నీ కలిపి, గిన్నె మీద మూత పెట్టి, ఎప్పటిలాగే మధ్యాహ్నం కునుకు తీయడానికి పైకి వెళ్ళింది. కునుకు పట్టలేదు.

ఆ సాయంత్రం మొదటి గరిటె పడింది పళ్ళ డాక్టరు కంచంలో. ఎదురు వీధిలో ఆయన ఆస్పత్రి. ఊళ్ళో జనం నోళ్ళన్నీ చూసినవాడు కాబట్టి తిండి గురించి తనకే బాగా తెలుసని ఆయన నమ్మకం. పసరమ్మ గరిటె పట్టుకుని ఆయన ముఖమే చూస్తూ నిలబడింది. ఇప్పుడు పెదవి విరుస్తాడు, ఇప్పుడు కంచం తోసేస్తాడు అనుకుంది. ఆయన నమిలి, మింగి, కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మగారూ, జ్వరం పడి లేచినా చేతిమహిమ తగ్గలేదండీ!"

ఆవిడకి గుండె కుదుటపడింది. అది ఒక్క నిమిషమే. ఆ తర్వాత లోపల ఏదో కాలింది. వెల్లుల్లి పాతదో కొత్తదో, ఎక్కువ పడిందో తక్కువ పడిందో చేసిన తనకే తెలియదు. ఈయనకి అందులో మహిమ కనపడింది! ఇన్నాళ్ళూ ఈ మనిషి కళ్ళు మూసుకుని తల ఊపింది ఇలాగేనా?

"నోరు మూసుకుని తినండి" అంది. డాక్టరు పరమానందంగా నవ్వాడు.

తర్వాతి రోజుల్లో కూడా అంతే. ఎవరూ ఏమీ అనలేదు. కంచాలు నున్నగా తుడిచినట్టు వెనక్కి వెళ్తున్నాయి. కొడుకు కూడా ఒక రొట్టెముక్క పసరులో ముంచి నోట్లో వేసుకుని, "అదిరింది అమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆవిడ భయం పోయి, దాని స్థానంలో అసహ్యం పెరిగింది. తన ముక్కు పోయినందుకు కాదు, అది పోయిందని కనిపెట్టలేని ఈ మందని చూసి. ఒకడైనా, ఒక్కడైనా, "ఏంటమ్మా ఇవాళ తేడాగా ఉంది" అంటాడేమోనని రోజూ సాయంత్రం ఎదురుచూసేది. దొరికిపోతానన్న భయం ఎంతో, ఒక్కడైనా పట్టుకోవాలన్న ఆశా అంతే ఉండేది. ఎవడూ పట్టుకోలేదు.

చివరికి ఒక పొద్దున ఆకుల బండి దగ్గర, దుంపలనుంచి విరిచి కింద పారేసిన ముల్లంగి ఆకుల కుప్ప కనపడింది. గరుకు గరుకుగా నూగుతో, ముదురు ఈనెలతో ఉన్నాయి. మేకలకి వెయ్యడానికి ఉంచానన్నాడు బండివాడు.

"మా మేకలకీ కావాలి" అని ఆవిడ సంచి నిండా నింపుకుంది.

ఆ రోజు ఆవిడ పార్స్లీ కొనలేదు. పుదీనా ముట్టుకోలేదు. ముల్లంగి ఆకు ఈనెలతో సహా తరిగి, వెల్లుల్లి ఊసే లేకుండా వెనిగర్ ఒంపి నూనె పోసి కలిపింది. కలుపుతుంటే నవ్వొచ్చింది. "మెయ్యండి" అంది గిన్నెతో. కసి తీరా మూత పెట్టి పైకి వెళ్ళి, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

సాయంత్రం కిందికి వచ్చేసరికి కోడలు ఎడమచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని, రక్తం అంటిన ఆ వేలు పైకి పెట్టుకుని ఒంటిచేత్తో జాలీ గీకుతోంది.

"గిన్నెలు కడిగినా వేళ్ళు తెగుతాయటే? ఇంకా నయం, నీకు కత్తి ఇవ్వలేదు. తల తెగేది!" అంది పసరమ్మ.

కోడలు తలెత్తి చూసింది. జాలీని రెండోవైపు తిప్పింది.

ఆ సాయంత్రం పసరమ్మకి పండగే. స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కళ్ళ ముఖాలూ చూసింది. తింటున్నారు. నాకుతున్నారు. వేళ్ళతో కంచం తుడుస్తున్నారు. ఒకావిడ తన పిల్లాడికి ముక్క ముంచి తినిపించి, "చూశావా, ఆకుకూర తింటే బలం" అంటోంది. డాక్టరు మొదటి ముక్కకే కళ్ళు మూసేశాడు. "ఇవాళ ఎన్నడూ లేనంత బాగుందండీ. ఏదో కొత్తగా ఉంది!"

"ఉంటుంది. మీకోసమే ప్రత్యేకంగా చేశాను" అంది పసరమ్మ.

నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు. ముల్లంగి ఆకు కూడా వీళ్ళకి ఇంత బాగుంటే, మరి ఇన్నాళ్ళూ తను చేసినదేమిటి? మంచులో పొద్దున్నే లేచి ఏరిన ఆకు, ఒక్కొక్కటీ చూసి పారేసిన వెల్లుల్లి రెబ్బలు, మోకాళ్ళు లాగుతున్నా నిలబడి చేసిన కోత, అదంతా కూడా వీళ్ళ నోట్లో ముల్లంగి ఆకేనా? ఇంతమందిని ఇన్నాళ్ళూ తిట్టుకుంటూ కూర్చుంది, వాళ్ళకే తన బతుకంతా వడ్డించింది. ఆవిడకి ఏడుపొచ్చింది. జనం ముందు ఏడవడం చేతకాక, గరిటె గిన్నెలో గుచ్చి అడుగునుంచి పైకి తీసింది.

గరిటెలో పుదీనా ఆకు ముక్క ఒకటి తేలింది.

ఆవిడ గరిటెను దీపం కిందికి జరిపింది. పుదీనా. దాని పక్కన పార్స్లీ, వేలిగోరంత పెద్ద ముక్కలు. నూరిన వెల్లుల్లి తెల్లగా కనపడుతోంది. గరుకు ఈనె ఒక్కటీ లేదు. కోత కూడా తనది కాదు. కొన్ని ముక్కలు సన్నగా ఉన్నాయి, కొన్ని చెయ్యి తడబడ్డట్టు ముతకగా ఉన్నాయి. ముక్కు పోయినా కళ్ళు పోలేదు కదా, తన కోత తనకి తెలియదా?

వెనక వసారా వైపు చూసింది. కోడలు గుడ్డ చుట్టిన వేలు నీళ్ళు తగలకుండా పైకెత్తి పట్టుకుని కంచాలు కడుగుతోంది.

పసరమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి, ఆ సాయంత్రం మళ్ళీ ఎవరినీ ఏమీ అనలేదు. ఒంట్లో బాగాలేదేమోనని జనం చెప్పుకున్నారు.

*

మర్నాడు ఆవిడ మామూలుగానే పసరు చేసి, మామూలుగానే మూత పెట్టి, చెప్పులు చప్పుడయ్యేలా మెట్లెక్కింది. పైన చెప్పులు విప్పి, కాసేపాగి, గోడ పట్టుకుని వట్టికాళ్ళతో సగం మెట్లు దిగి కూర్చుంది. అక్కణ్ణుంచి వంటగది పూర్తిగా కనపడుతుంది.

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి గిన్నె మూత తీసింది. వంగి వాసన చూసింది. చిటికెనవేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, పెదవి ఒక పక్కకి విరిచింది. ఆ విరుపు పసరమ్మదే. తర్వాత బొగ్గు బస్తాల వెనకనుంచి ఒక సంచి లాగి, ఆరబెట్టిన పార్స్లీ తీసి, గుప్పిట్లో ఒత్తిపట్టి తరగడం మొదలుపెట్టింది. కత్తి మొన పలక మీదే ఉంది. పిడివైపు ఆడుతోంది. తరుగుతూ లోలోపల ఏదో గొణుగుతోంది. పసరమ్మ చెవులు రిక్కించింది.

"తినడానికి పుట్టారు వెధవలు... మహిమట, మహిమ... పళ్ళు పీకడం వచ్చుగానీ..."

పసరమ్మకి ఒక క్షణం తన గొంతే విన్నట్టు అనిపించింది. కోపం రావాల్సిన చోట ఏమొచ్చిందో ఆవిడకే అర్థం కాలేదు. కోడలి గుడ్డ చుట్టిన వేలు మాత్రం కత్తి కిందికి జారుతోంది.

"వేలు లోపలికి మడువు! మళ్ళీ తెగుతుంది!"

కోడలు ఉలిక్కిపడి కత్తి వదిలేసింది. మెట్ల మీద అత్తగారిని చూసి, తేలు కుట్టిన దొంగలా నిలబడుతుందనుకుంటే, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"చూశారుగా. ఇక తిట్టండి."

"ఎన్నాళ్ళనుంచి?"

"మీరు జ్వరం నుంచి లేచిన రోజునుంచి. ఆ రోజు పార్స్లీ అనుకుని మొత్తం కొత్తిమీర తరిగారు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వాసన చూస్తే చిన్నపిల్ల కూడా చెబుతుంది. మీరు పొరపాటు పడ్డారంటే నమ్మలేక వెల్లుల్లి కూడా చూశాను. లోపల ముక్కిపోయి కంపు కొట్టే రెబ్బలు నూరి పడేశారు. అప్పుడు అర్థమైంది."

"మరి నాతో చెప్పి చావచ్చుగా?"

"చెప్తే ఏం చేసేవాళ్ళు? గడ్డికోత అనేవాళ్ళు."

పసరమ్మ మెట్లు దిగి వచ్చి పలక పక్కన నిలబడింది.

"మీ మీద జాలితో చేశాననుకోకండి అత్తయ్యా. ముల్లంగి ఆకు తరిగిన రోజు మీ గొంతు పిసికేద్దామనిపించింది. జనం మాట దేవుడెరుగు, దుకాణం మూతపడితే వీధిన పడేది నేనూను. మీ అబ్బాయి డబ్బా సాస్ తెస్తాడు, నెల తిరక్కుండా ఈగలు తోలుకుంటాం."

"వాడికి తెలుసా?"

"మీ అబ్బాయికా?" కోడలు నవ్వింది. "మీ అబ్బాయికి ఏం తెలుసని ఇది తెలియడానికి?"

పసరమ్మకి కూడా నవ్వు వచ్చేదే. ఆపుకుంది. పలక మీద కోడలు తరిగిన ఆకు వైపు చూసి, "ఇదంతా నీకెవరు నేర్పారు? నేనైతే ఒక్కనాడూ చెప్పలేదు" అంది.

"మీరు చెప్పలేదు. తినమనీ అనలేదు. ఇంటిల్లిపాదికీ వడ్డిస్తారు, నా వంతు వచ్చేసరికి గిన్నె వెనక్కి తోసేస్తారు, కడగమని. కడిగేముందు అడుగున మిగిలింది రొట్టెముక్కతో తుడుచుకుని తినేదాన్ని. రోజూ. అడుగునే కదా అన్నీ దిగేది. ఏం వేశారో, ఎంత వేశారో, అక్కడే తెలుస్తుంది."

ఆ అమ్మాయి అది నిష్ఠూరంగా అనలేదు. ఏదో సరుకు ఎక్కడ దొరుకుతుందో చెప్పినట్టు చెప్పి, మళ్ళీ కత్తి అందుకుంది. పసరమ్మకి ఎన్నడూ లేని సిగ్గు వేసింది. దుకాణంలో ఇన్ని నోళ్ళ మీద కాపలా కాస్తూ కూర్చుంది, రుచి తెలిసిన ఒక్క నోరు తన వెనకే తొట్టి దగ్గర ఆకలితో ఉంటే చూడలేదు.

"రోజూ రెండుసార్లు చెయ్యడం నా వల్ల కాదు" అంది కోడలు తలెత్తకుండానే. "నూనె దండగ. తరగడం మీరే తరగండి, నాకు మీ అంత కోత రాదు. వాసన నేను చూస్తాను."

పసరమ్మ ఆ అమ్మాయి చేతిలోంచి కత్తి తీసుకుని, మిగిలిన ఆకు తరిగింది.

*

తర్వాతి రోజు ఆకు తరగడం ఆలస్యమై, దుకాణం తెరిచే వేళకి గానీ పసరు కలవలేదు. అప్పటికే డాక్టరు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. మరో నాలుగు బల్లలు నిండాయి. కొడుకు కొవ్వు ముక్క విసిరి మంట లేపుతున్నాడు. పసరమ్మ గిన్నె తెచ్చి స్టూలు ముందు పెట్టుకోగానే కోడలు తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వెనకనుంచి వచ్చి, మూత తీసి వంగింది.

"పుదీనా ఎక్కువైపోయింది అత్తయ్యా. పార్స్లీ ఇంకో గుప్పెడు పడాలి. కాసేపు వడ్డించకండి."

చిన్న దుకాణం, మాట అందరికీ వినపడింది. కొడుకు పటకారు టకటక ఆగింది.

"ఏయ్! నీకేమైనా పిచ్చా? గిన్నెలు తోముకునేదానివి, అమ్మ పసరుకి వంకలు పెడతావా? జనం ముందు? పో లోపలికి!"

ఎవరో నవ్వారు. "అత్తా కోడళ్ళ గొడవ మొదలైందండోయ్" అన్నాడు డాక్టరు సరదాగా, కుర్చీ ఇటు తిప్పుకుంటూ.

కోడలు మొగుణ్ణి చూడలేదు. అత్తగారిని చూసింది. పసరమ్మ గరిటె మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు, స్టూలు ఎక్కడికీ పోదు. గిన్నె పోదు. రేపు ఆ అమ్మాయి వసారాలోనే వాసన చూసి చెబుతుంది, ఎవరికీ తెలియకుండా ఇలాగే సాగిపోతుంది. ఆ క్షణంలో ఆవిడ ఇవన్నీ అనుకుంది, కాస్త ఆశగానే అనుకుంది. కోడలు ఇంకొంచెం ఆగి, మూత గిన్నె మీద పెట్టేసి, లోపలికి వెళ్ళిపోయింది. వెనక తీగ బ్రష్షు చప్పుడు మొదలైంది.

పసరమ్మ ఆ చప్పుడు భరించలేకపోయింది.

"ఒరేయ్" అంది. "నాకు వాసన రావడం లేదురా. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ముక్కు పనిచెయ్యడం లేదు. ఇన్నాళ్ళూ మీరు తిన్నది నా చేతి పసరు కాదు. దానిది."

 డాక్టరు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"అదండీ పెద్దరికం అంటే! కోడలు నలుగుర్లో చిన్నబోయిందని పసరు చేసిన పేరు తను తీసుకోకుండా ఆ పిల్లకి ఇచ్చేశారు. నేర్చుకోవాలి మనం."

"పెద్దరికం కాదు, నిజం!" పసరమ్మ అరిచింది. "ముల్లంగి ఆకు తరిగి మీ ముఖాన కొడదామనుకున్నానయ్యా నేను! అది పారబోసి నా కోడలే మళ్ళీ చేసింది!"

ఈసారి అందరూ నవ్వారు. ఆవిడ తిట్లకి వాళ్ళు ఎప్పుడూ నవ్వేవాళ్ళు. కొడుకు కూడా నవ్వి, "దాన్ని మరీ నెత్తికెక్కించుకోకమ్మా" అని ఇంకో కొవ్వు ముక్క నిప్పుల మీదికి విసిరాడు.

వాళ్ళకి నవ్వడం నేర్పింది తనే. ఇప్పుడు తల బాదుకున్నా నవ్వే వస్తుంది. పసరమ్మ స్టూలు దిగింది. గిన్నె వదిలేసి వెనక వసారాలోకి వెళ్ళి, తొట్టి పక్కన వంగి జాలీ గీకుతున్న కోడలి చేతిలోంచి బ్రష్షు లాక్కుంది.

"లే. వెళ్ళి నీకు కావలసిన ఆకు కలుపుకో. కలిపి నువ్వే స్టూలు మీద కూర్చుని వడ్డించు."

"వాళ్ళు నమ్మరత్తయ్యా."

"నమ్మక్కర్లేదు. తింటారు."

కోడలు చేతులు కడుక్కుని, మసి పూర్తిగా వదలకపోయినా అలాగే లోపలికి వెళ్ళింది. పసరమ్మ నెమ్మదిగా మోకాళ్ళు మడిచి, ఆ అమ్మాయి కూర్చునే చెక్కపీట మీద కూర్చుంది. జాలీ అనుకున్న దానికన్నా బరువుగా ఉంది. మాడు ఇనుముకి అంటుకుపోయి, ఎంత గీకినా పెచ్చు పెచ్చుగా తప్ప ఊడదు. నాలుగు ఊపులకే భుజం లాగింది. మసినీళ్ళు మణికట్టు మీదుగా మోచేతిలోకి పాకాయి.

కొడుకు పటకారు పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! ఏంటిది? అదెళ్ళి నీ స్టూలు మీద కూర్చుంది! జనం చూస్తున్నారు, నా పరువు పోతోంది, లే పైకి!"

పసరమ్మ తలెత్తలేదు. జాలీ తిప్పి రెండోవైపు అందుకుంది.

"జనం సంగతి తర్వాత. ముందు పోయి పొయ్యి చూసుకో. మాంసం మాడుతోంది."

కొడుకు ముఖం వెలిగింది. దొరికిపోయిందన్నట్టు పటకారు ఎత్తి చూపించాడు.

"ఆఁ! చూశావా! వాసన రాదన్నావుగా? మరి మాడుతోందని నీకెలా తెలిసింది?"

"దానికి వాసనెందుకురా" అంది పసరమ్మ, గీకుతూనే. "నువ్విక్కడ నిలబడ్డావుగా."